తిప్పని పళ్ళెం

మావారికి చెవులు సరిగా వినపడవన్నది నాలుగేళ్లుగా నేనొక్కదాన్నే మోస్తూ వచ్చిన రహస్యం. అసలే వినపడవని కాదు. లారీ వెళితే వినపడుతుంది, తలుపు దడాలున వేస్తే వినపడుతుంది, నేను తిడితే మరీ స్పష్టంగా వినపడుతుంది. పోయినవి సన్నని శబ్దాలు. మొదట కీచురాళ్లు పోయాయి, తర్వాత ఫోను మోగడం పోయింది. ఒకరోజు మూడు విజిల్స్ రాగానే కుక్కరు కట్టేయమని చెప్పి దుకాణానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది పన్నెండోదో పదమూడోదో వేస్తోంది. ఈయన పొయ్యికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకుంటూ, "ఇంకా ఒక్కటీ రాలేదే" అన్నారు నన్ను చూసి. పగలబడి నవ్వాను. ఆ నవ్వుతోనే మాడిన కుక్కరు తోముతూ ఏడ్చాను.

ఇంకొకరికైతే ఇది పెద్ద విషయం కాదు. గుమస్తాకో దర్జీకో చెవి మందగిస్తే పని ఆగదు. మావారు డీజిల్ మెకానిక్. ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. ఇంజిన్ విప్పకముందే చెవితో జబ్బు చెబుతారని పేరు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, "రెండో సిలిండరు, వాల్వు" అనేవారు. విప్పి చూస్తే అదే. జనం ఎంత దూరం నుంచైనా బండ్లు తోలుకొచ్చేది ఆ చెవి కోసమే. అది పోయిందని తెలిస్తే షెడ్డుకు తాళం వేసుకోవడమే.

అందుకని ఆ పని నేను తీసుకున్నాను.

ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్న ఏర్పాటు కాదిది. ఒకరోజు ఎవరిదో బండి పరీక్షిస్తూ, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకోకుండా వంటింటి గుమ్మం వైపు చూశారు. నేను అక్కడ పళ్ళెం తుడుస్తూ నిలబడి ఉన్నాను. ఆ చూపు ఎందుకో నాకు అర్థమైంది. ఇంజిన్‌లో ఎక్కడో ఏదో టకటకా కొట్టుకుంటోంది, అది మంచిది కాదని నాక్కూడా తెలుస్తోంది. ఏం చేయాలో తోచక పళ్ళేన్ని బోర్లా తిప్పాను. ఆయన తలాడించి ఇంజిన్ ఆపేశారు.

అప్పట్నుంచి అదే పద్ధతి. షెడ్డులో బండి స్టార్టయితే చాలు, నేను పళ్ళెం తుడుచుకుంటూ గుమ్మంలోకి వస్తాను. శబ్దం బాగుంటే పళ్ళెం అలాగే ఉంటుంది, బాగాలేకపోతే తిరగబడుతుంది. సిలిండర్లకు డీజిల్ పంపే ఇంజెక్టర్ పైపుల నట్లు ఆయన ఒక్కొక్కటే వదులు చేస్తారు. వదులు చేసినా శబ్దం మారలేదంటే ఆ సిలిండరు పనిచేయడం లేదన్నమాట; అక్కడ తిప్పుతాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో మేమిద్దరం ఇంత సఖ్యంగా చేసిన పని ఇంకొకటి లేదు. "మీ ఆవిడ ఎప్పుడు చూసినా పళ్ళాలే తుడుస్తుందేమిటండీ?" అని ఒక లారీ డ్రైవరు అడిగాడు. "దానికి శుభ్రం పిచ్చి" అన్నారు ఈయన, తడుముకోకుండా.

ఇంట్లో మాటలకు ఇబ్బంది లేదు. నా పెదాలు చూసి పట్టేసేవారు. అటు తిరిగి ఉంటే భుజం తట్టి, ఇటు తిరిగాక చెప్పేదాన్ని. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన నా మొహం అంతసేపు చూసిన పాపాన పోలేదు. అయితే ఒకటి. వినపడటం లేదని ఆయన ఒక్కసారీ అనలేదు, నేనూ అనలేదు. ఆ మాట పైకి రానంతవరకు అది జబ్బు కాదు, మా ఇంటి అలవాటు.

ఇలా ఉండగా మా మరిది వచ్చాడు. మరిదంటే ఆయనకున్న ఒక్క తమ్ముడు. మనిషి ఎంత భారీగా ఉంటాడో అతని ట్రాక్టరు అంత చిన్నది. మూడు సిలిండర్ల బుల్లి డీజిల్ బండి. అతను ఎక్కి కూర్చుంటే పెద్దాయన పిల్లల సైకిలెక్కినట్టు ఉంటుందని నేను ఏడిపిస్తూంటాను. నలుగురి పొలాలూ దున్నిపెట్టి బతుకుతాడు. ఆ బండి తప్ప అతనికి ఇంకో ఆధారం లేదు.

"వాలు భూమి పని ఒప్పుకున్నానన్నయ్యా. నేల రాయిలా ఉంది. దున్నడానికి రొటవేటర్ దించితే చాలు, బండి ఊపిరాడక ఆగిపోతోంది."

"ఒప్పుకునేముందు ఏమైంది బుద్ధి?"

"నువ్వున్నావు కదా" అన్నాడు, అదేదో సమాధానమైనట్టు.

మావారు లోపలికి వెళ్లి, మంచం కింద ట్రంకుపెట్టెలోంచి నూనెగుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చారు. తుక్కుకు పోయిన ఏదో చిన్న వ్యానులోంచి ఊడదీసి దాచుకున్న టర్బో. నత్తగుల్ల ఆకారంలో, రెండు చేతుల్లో పట్టేంత ఉంటుంది. ఎన్నేళ్లుగానో దాన్ని పారేయమని నేను పోరుతున్నాను. ఆయన గుడ్డ మడతలు విప్పుతుంటే తమ్ముడు ఊపిరి బిగబట్టి చూశాడు.

"పొగ ఊరికే బయటికి పోతుంది కదా. ఆ పొగ తోపుకి ఈ చక్రం తిరుగుతుంది. ఇదే ఇరుసు మీద అవతల ఇంకో చక్రం. అది గాలిని ఇంజిన్లోకి నెట్టి కూరుతుంది. గాలి ఎక్కువైతే ఇంకాస్త డీజిల్ కాల్చొచ్చు. బండి అదే, బలం వేరు."

"ఇంత చిన్న బండికి తట్టుకుంటుందా?"

"కొంచెమే ఇద్దాం. ఇది అడిగేది ఒక్కటేరా, నూనె. ఇరుసు నిమిషానికి లక్షసార్లు తిరుగుతుంది. ఒక్క క్షణం నూనె అందకపోయినా కాలిపోతుంది."

పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఇంట్లో నేనొక్కదాన్నే మనిషిని. అన్నదమ్ములిద్దరూ షెడ్డులోనే తిండి, షెడ్డులోనే పోట్లాట. మందపాటి ఇనప్పలక కోసి, బెజ్జాలు వేసి, పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్‌కు టర్బోకు మధ్య అతుకు తయారుచేశారు. ఇంజిన్‌లో నూనె ఒత్తిడి చెప్పే బల్బు తీగ తగిలించేచోట రెండు మూతుల అతుకు పెట్టి, అక్కణ్నుంచి సన్నటి గొట్టంతో టర్బో నెత్తికి నూనె ఇచ్చారు. ఆ నూనె కిందికి జారి మళ్లీ ఇంజిన్ అడుగుకు చేరడానికి లావు గొట్టం వేశారు. జాయింట్ల మధ్య వేసే రాగి వాషర్లు నా పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నా మంచినీళ్ల గ్లాసులో ముంచారు. అలా చేస్తే రాగి మెత్తబడి నూనె కారకుండా కూర్చుంటుందట. నేను అరిస్తే, "రాగి ఒంటికి మంచిది వదినా" అన్నాడు మరిది. నాకూ నవ్వొచ్చింది. మావారు అంత హుషారుగా ఉండి ఎన్నాళ్లయిందో.

పదో రోజు పొద్దున పెరట్లోనే స్టార్ట్ చేశారు. నేను పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డాను. మరిది యాక్సిలరేటర్ లాగగానే, ఇంజిన్ మోతలోంచి ఒక ఈల లేచింది. మరిది ఎగిరి గంతేసి, "విన్నావా అన్నయ్యా!" అని కేక పెట్టాడు. మావారు నా చేతుల వైపు చూశారు. పళ్ళెం తిరగలేదు. అప్పుడు, "ఊఁ, బాగా పాడుతోంది" అన్నారు.

మరిది డీజిల్ తేవడానికి వెళ్లాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.  తర్వాత, "ఎలా ఉంది?" అన్నారు.

"ఏది?"

"ఈల."

నాలుగేళ్లలో ఒక శబ్దం ఎలా ఉందని ఆయన నన్ను నోరు తెరిచి అడగడం అదే మొదలు.  పెదాలు బాగా కనబడేలా మెల్లగా చెప్పాను. "ఖాళీ సీసా మూతి మీద ఊదితే వస్తుంది చూడండి, అలా మొదలవుతోంది. తర్వాత సన్నబడుతూ పైకి పోతోంది. వంకర లేదు, తునక లేదు. దారం తీసినట్టుంది."

"దారం తీసినట్టు" అనుకున్నారు తనలో తాను. ఆయన చేతులతో పుట్టిన శబ్దాన్ని నా మాటల్లో వినాల్సొచ్చింది. అయినా మొహం వెలిగింది. "లోడు పడితే ఇంకా పెరుగుతుంది. పెరిగితే మంచిదే, కంగారుపడకు" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. పొలానికి బయల్దేరేముందు చూస్తే, టర్బో నెత్తిన నూనె గొట్టం జాయింటు దగ్గర సన్నగా తడి ఊరుతోంది. ఇంకో వాషరు కాల్చి వేయాలి. "పొలంగలవాళ్లు ఎదురు చూస్తున్నారన్నయ్యా" అని మరిది గోల. ఆయన సందులు మూసే గాస్కెట్ పేస్టు ట్యూబు తీసి, వేలితో జాయింటుకు మెత్తి, బిగించేశారు. నూనె గొట్టానికి పేస్టు రాయకూడదని పదిమందికి చెప్పిన మనిషే. తడి ఆగిపోయింది. అందరికీ తృప్తిగా ఉంది.

నేనూ వెళ్లాను. మంచినీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని, దాని మీద మూతగా పళ్ళెం. గట్టు మీద నిలబడి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. మరిది రొటవేటర్ దించాడు. రాయిలాంటి నేల పిండిలా లేచింది. బండి ఆగలేదు, మూలగలేదు, వాలు ఎక్కేసింది. పొలంగలవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మావారు బండి పక్కనే నడుస్తున్నారు, చేతులు వెనక్కి కట్టుకుని, కుర్రాడిలా.

మూడో చాలులో ఈల మారింది.

మారిందని ఇప్పుడు ఇంత ధైర్యంగా చెబుతున్నాను. అప్పుడు ఎలా చెప్పను? నేను టర్బో శబ్దం విన్నదే ఆ పొద్దున ఒక్కసారి. ఈల పైకి పోయింది. పెరిగితే మంచిదే అన్నారు. కానీ ఆ దారానికి ఎక్కడో పీచు లేచింది. పలక మీద మేకు గీసినట్టు, ఈల లోపల ఇంకో సన్నటి కీచు. నా పళ్లు జివ్వుమన్నాయి. ఆయన తల తిప్పి నా వైపు చూశారు.

మా భాషలో రెండే మాటలు: బాగుంది, బాగాలేదు. "ఏమో" అనడానికి గుర్తు లేదు. నాలుగేళ్లలో దాని అవసరమే రాలేదు. తిప్పితే బండి ఆగిపోతుంది. పొలంగలవాళ్ల ముందు, తమ్ముడి ముందు, అంత వెలుగుతున్న ఆ మొహం ముందు, నేను ఉత్త అనుమానానికి పళ్ళెం తిప్పాలి. బొటనవేలు అంచు మీదికి వెళ్లింది కూడా. తిప్పలేదు. చాలు చివరికి వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. ఆయన నవ్వి ముందుకు నడిచారు.

చాలు చివరికి రాలేదు. కీచు ఒక్కసారిగా తెగింది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఒక్క క్షణం గలగల, ఆ వెంటనే ఒక దెబ్బ. ఆ దెబ్బ మాత్రం ఆయనకూ వినపడింది. తెల్లటి పొగ కమ్మేసింది. పొగలోంచి మరిది దిగొచ్చి బానెట్ ముందు కూలబడ్డాడు.  పొలంగలవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున బండిని లాక్కొచ్చి షెడ్డులో విప్పారు. నేను గుమ్మంలో కూర్చున్నాను. చేతిలో ఏమీ లేదు. టర్బో ఇరుసు కాలి నీలంగా మారి విరిగిపోయింది. గాలి చక్రం రెక్కలు ముక్కలై ఇంజిన్లోకి పోయాయి. ఒక పిస్టన్ పగిలి, దాని రాడ్డు వంగి, బ్లాకు నిలువునా చీరింది. బ్లాకు చీరిన ఇంజిన్‌కు మందు లేదు. మావారు నూనె గొట్టం విప్పి, వెలుతురుకు ఎత్తి చూసి, పిన్నుతో పొడిచారు. చిన్న పురుగంత పేస్టు ముక్క అరచేతిలో పడింది. నూనెకు అడ్డుపడింది అదే.

మరిది దాన్ని చూశాడు. పేస్టు గురించి ఒక్క మాట అనలేదు. తొందర పెట్టింది తనే కదా. అతని బాధ ఇంకొకటి.

"అన్నయ్యా, నూనె లేకుండా ఇరుసు కాలుతుంటే అరుపు రావాలి కదా. నేను సీటు మీద సైలెన్సర్ మోతలో ఉన్నాను, నాకు తెలియలేదు. నువ్వు పక్కనే నడిచావు. నీ చెవికి తెలియలేదా?"

ఆయన నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నేనే చెప్పేసేదాన్ని, విని తిప్పనిది నేనని. కానీ ఆ మాట చెప్పాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి. తెలియలేదంటే చెవి లేదన్న సంగతి బయటపడుతుంది. తెలిసిందంటే తమ్ముడి బతుకును చూస్తూ చూస్తూ తగలబెట్టినవాడవుతారు.

"విన్నాను" అన్నారు.

"విన్నావా?"

"విన్నాను. ఈ చాలు అయిపోనీ, తర్వాత ఆపుదాం అనుకున్నాను."

అది నా ఆలోచన. అక్షరం పొల్లుపోకుండా నేను గట్టు మీద అనుకున్న మాట. ఆయనకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. నా మొహంలో చదివి ఉంటారు.

మరిది చేతిలో ఉన్న పానా కింద పడేశాడు. "విని ఊరుకున్నావా? ఎవరి బండో అయితే ఊరుకునేవాడివా?" అన్నాడు. "నాన్న పోయిన రోజు కూడా నాకింత దిక్కులేనట్టు అనిపించలేదన్నయ్యా." చొక్కా భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. మావారు మాడిన ఇరుసును పట్టుకుని, మాకు వీపు పెట్టి, కిరోసిన్ బేసిన్ మీదికి వంగారు.

నేను ఉండబట్టలేకపోయాను. అంతే. దీనికి ఇంకే పేరూ పెట్టలేను. ఆయన చెవిటివాడని ఊరంతా అనుకున్నా సరే, తమ్ముడి గొంతు కోసినవాడని తమ్ముడే అనుకోవడం నేను చూడలేను. గేటు దగ్గర మరిదిని ఆపాను. మామూలు గొంతుతోనే చెప్పాను. మావారు పది అడుగుల దూరంలోనే ఉన్నారు, అయినా గుసగుసలాడాల్సిన పని లేదని నాకు తెలుసు. నాలుగేళ్లలో మొదటిసారి ఆయన చెవుడును ఆయన మీదే వాడుకున్నాను.

"మీ అన్నయ్య వినలేదయ్యా. వినలేరు. నాలుగేళ్లయింది. ఈయనకు వినేది నేను. నిన్న కీచు విన్నదీ నేనే. విని చెప్పనిదీ నేనే."

నేను రెండు సంగతులు చెప్పాను. అతను ఒక్కటే తీసుకున్నాడు. నా తప్పు అతని చెవిన పడనే లేదు. కళ్లు నిండిపోయి, అన్నయ్య వైపు తిరిగాడు. నేను చెయ్యి పట్టుకుని, "తెలిసినట్టు ఉండకయ్యా, నీకు పుణ్యముంటుంది" అంటూనే ఉన్నాను. మంచివాడు, ఆగలేకపోయాడు. షెడ్డులోకి వెళ్లి, అన్నయ్య భుజం తట్టి ఇటు తిప్పుకున్నాడు. మొహంలో మొహం పెట్టాడు.

"అన్నయ్యా! పరవాలేదు! బండి పోతే పోయింది! నువ్వు బెంగ పెట్టుకోకు!"

ఒక్కో మాటా విడగొట్టి, నోరు పెద్దగా తెరిచి, చెయ్యి ఊపుతూ. ఎదురింటి వాళ్లు తొంగి చూసేంత గట్టిగా.

మావారు తమ్ముడి నోటి వైపు చూశారు. ఆ నోరు అంత పెద్దగా ఎందుకు తెరుచుకుందో అర్థం కావడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత అతని భుజం మీదుగా నన్ను చూశారు. కోపం ఉంటే భరించేదాన్ని. కోపం లేదు. నడివీధిలో చొక్కా ఊడదీసి నిలబెట్టినట్టు చూశారు. నేను "ఏమండీ" అన్నాను. అప్పటికే కళ్లు దించేసుకున్నారు.

ఇది జరిగి నెల దాటింది. మరిది ఇంకొకరి ట్రాక్టరు తోలుతున్నాడు, కూలికి. వారం వారం వచ్చి అన్నయ్యతో గట్టిగా, ప్రేమగా మాట్లాడి వెళతాడు. ఎవరి ద్వారా పాకిందో, వచ్చే ఒకరిద్దరు డ్రైవర్లు కూడా అలాగే అరుస్తున్నారు. చెవితో ఇంజిన్ జబ్బు చెప్పించుకోవడానికి ఎవరూ రావడం లేదు. చక్రాలకు గ్రీజు పెట్టించుకోవడానికి వస్తున్నారు.

అది కూడా కాదు నా బాధ. మధ్యాహ్నం భోజనానికి ఎదురెదురుగా కూర్చుంటాం. నేను మొదలుపెడతాను: ఏమండీ, పళ్ళెం తిప్పాల్సింది నేను, తప్పు నాది, మీ చెవిది కాదు. రోజూ చెబుతాను. ఆయన తల వంచుకుని తింటారు. ఒక్కసారి తలెత్తి నా నోటి వైపు చూస్తే చాలు, మొత్తం తెలిసిపోతుంది. చూడరు. భుజం తడితే నా చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టి, తన పళ్ళెం తనే కడుక్కోవడానికి లేచి వెళతారు.